బోఖ్ చూడాలా, కోక్‌పార్ చూడాలా? మంగోల్, కజక్ కాపరుల బలపరీక్షల్లో మీకు తగినది

పది రోజుల సెలవు దొరికింది, మంగోలియా వెళ్ళనా కజక్‌స్తాన్ వెళ్ళనా అని ఒక మిత్రుడు అడిగాడు. అక్కడ ఏం చూడాలని ఉందంటే, "గడ్డి మైదానాల్లో పశువుల కాపరులు బలం చూపించే ఆటలుంటాయట కదా, అవి" అన్నాడు. చిక్కు అక్కడే మొదలైంది. ఆ ఆటలు ఒకచోట ఉండవు, ఒకే నెలలో జరగవు. అన్నింటిలోనూ కనిపించేది ఒకే బలమూ కాదు. ఒక ఆటలో నడుము గెలుస్తుంది, ఇంకొకదానిలో తొడలు, వేరొకదానిలో పిడికిలి. దేశం తరవాత చూసుకోవచ్చు, ముందు ఆటను ఎంచుకోమన్నాను. ఆట తేలితే నెల, ఊరు, ఖర్చు వాటంతట అవే తేలతాయి.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది రుతువు. జులైలో దొరికేది అక్టోబరులో దొరకదు. ఫిబ్రవరిలో దొరికేది ఏ పర్యాటక కరపత్రంలోనూ ఉండదు.

రెండోది మీ ఓపిక. కొన్ని పోటీలు రెప్పపాటులో ముగుస్తాయి. కొన్నింటిలో ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు వాలి, కదలని ఎద్దుల్లా నిలబడిపోతారు. ఆ నిశ్చలంలో ఏం జరుగుతోందో తెలిసినవాడికి అది ఉత్కంఠ, తెలియనివాడికి ఆవులింత.

మూడోది మీ మనసు ఎంత గట్టిదన్నది. తల తీసిన మేక కళేబరాన్ని గుర్రాల మీద లాక్కొనే ఆటను పిల్లలతో కలిసి చూడగలరా? చూడలేకపోతే అందులో చిన్నతనం ఏమీ లేదు, ముందే తెలిస్తే మంచిది.

నాలుగోది, చూడటానికే వెళ్తున్నారా, ఒక పట్టు పట్టి చూడాలని కూడా ఉందా అన్నది. ఈ ప్రశ్నను చాలామంది మరిచిపోతారు, అక్కడికి వెళ్ళాక బాధపడతారు.

| ఆట | ఎవరిది | ఏ బలం | ఎప్పుడు, ఎక్కడ | కొత్తవారికి |
|---|---|---|---|---|
| బోఖ్ (కుస్తీ) | మంగోల్ | కాళ్ళు, నడుము, ఓర్పు | జులై 11–13 ఉలాన్‌బాతర్. వేసవిలో గ్రామీణ నాదమ్‌లు (వేడుకలు) | నిదానంగా రుచి తెలుస్తుంది |
| కురేస్ (కుస్తీ) | కజక్ | నడుము, చేతి పట్టు | కజక్‌స్తాన్ అంతటా, టోర్నమెంట్లలో, వేడుకల్లో | వెంటనే అర్థమవుతుంది |
| ఔదారిస్పాక్ (గుర్రం మీద కుస్తీ) | కజక్ | తొడలు, భుజాలు | పండుగలు, సంచార జాతుల క్రీడలు | వెంటనే అర్థమవుతుంది |
| కోక్‌పార్ (గుర్రాల మీద మేక కళేబరం కోసం పోటీ) | కజక్ | నడుము, గుర్రం | ముఖ్యంగా దక్షిణ కజక్‌స్తాన్ | కాసేపు గందరగోళం |
| జంట లాగుడు (గుర్రాల మీద మేకతోలు కోసం) | మంగోలియా కజక్‌లు | పిడిపట్టు, తొడలు | అక్టోబరు మొదటి వారాంతం, బయాన్-ఉల్గీ | చూడగానే తెలుస్తుంది |
| సేర్ షాఖ్ (పిడికిలితో ఎముక విరగ్గొట్టడం) | మంగోల్ | పిడికిలి | శీతాకాలం | చూడగానే తెలుస్తుంది |

పట్టిక చూసి నిర్ణయించుకొనే పనైతే ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ అందులో పట్టనివే ఎక్కువ.

బోఖ్: బరువు అడగని కుస్తీ

నాదమ్ అంటే మంగోల్ భాషలో ఆట, వేడుక. మన నాదానికీ దానికీ చుట్టరికం లేదు. "మగవారి మూడు ఆటలు" అని వాళ్ళు పిలుచుకొనే కుస్తీ, గుర్రప్పందెం, విలువిద్య ఆ వేడుకకు ప్రాణం. యునెస్కో 2010లో దీనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మూడింటిలో జనం నోట ఎక్కువగా నానేది కుస్తీ, అంటే బోఖ్.

రాజధాని ఉలాన్‌బాతర్‌లో జరిగే జాతీయ నాదమ్‌లో మామూలు ఏడాది 512 మంది బరిలోకి దిగుతారు. పెద్ద వార్షికోత్సవాల ఏడాదిలో 1024 మంది. ఓడినవాడు ఇంటికి పోవలసిందే కాబట్టి 512 మందిలో ఒక్కడు మిగలడానికి తొమ్మిది రౌండ్లు. బరువు తరగతులు లేవు. సన్నని కుర్రవాడికి కొండలాంటివాడు ఎదురుపడవచ్చు. పైగా పెద్ద బిరుదున్నవారికి కొన్ని రౌండ్లలో ప్రత్యర్థిని తామే ఎంచుకొనే హక్కు ఉంది. ఇదేం న్యాయం అని మనకు అనిపిస్తుంది. మైదానంలో కాపరికి తోడేలు గానీ మంచుతుపాను గానీ బరువు చూసి ఎదురురాదు కదా అనుకుంటే ఆ లెక్క కొంత అర్థమవుతుంది. చిన్నవాడు పెద్దవాణ్ని పడేసిన రోజున మైదానం హోరెత్తేదీ అందుకే.

నియమం సులువు. పాదాలు, అరచేతులు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓటమి. చైనాలో ఉన్న ఇన్నర్ మంగోలియా కుస్తీలో మాత్రం చెయ్యి ఆనినా ఓడినట్టే. జెట్టి ఒంటి మీద ఛాతీ పూర్తిగా తెరిచి ఉండే పొట్టి చొక్కా, చిన్న చడ్డీ, తోలు బూట్లు ఉంటాయి. ఛాతీ ఎందుకు తెరిచి ఉంటుందంటే ఒక కథ చెబుతారు. ఎప్పుడో ఒక స్త్రీ మారువేషంలో వచ్చి మగవారందరినీ మట్టి కరిపించిందట, మళ్ళీ అలా జరగకూడదని చొక్కా ముందు భాగం కత్తిరించేశారట. కథ మాట ఎలా ఉన్నా, 13వ శతాబ్దంలో ఖైదు ఖాన్ అనే మంగోల్ పాలకుడి కూతురు ఖుతులున్ తనను కుస్తీలో ఓడించినవాణ్నే పెళ్ళాడతానని పందెం కట్టి, ఓడినవారి గుర్రాలతో మందలు నింపుకొందని చెప్పుకొనే జాతి అది. ఆ జాతి జాతీయ నాదమ్ కుస్తీలో ఈనాటికీ ఆడవారికి చోటు లేదు. విలువిద్యలో ఉంది.

గెలిచినవాడు చేతులు రెక్కల్లా చాపి గద్దలా తిరుగుతూ నెమ్మదిగా నర్తిస్తాడు. ఓడినవాడు అతని చంక కింద నుంచి వంగి నడుస్తాడు. ఫొటోలు తీసేవారు పట్టు కోసమే కాచుకొని ఈ ఘట్టాన్ని జారవిడుచుకొంటారు. నన్నడిగితే మొత్తం ఆటలో చూడవలసింది ఈ పది క్షణాలే.

బిరుదుల దగ్గర మనకొక పాత బంధువు ఎదురవుతాడు. ఐదు రౌండ్లు, ఆరు రౌండ్లు గెలిచినవారికి రెండు రకాల డేగల పేర్లు. ఏడు గెలిస్తే జాన్, అంటే ఏనుగు. ఎనిమిది గెలిస్తే గరిద్. అది మన గరుత్మంతుడే! బౌద్ధం వెంట సంస్కృతం నడిచి వెళ్ళిన దారిలో ఆ పేరు అక్కడికి చేరి, 'హాన్ గరిద్' అయి, జెట్టి భుజం మీద వాలింది. అందరినీ గెలిస్తే అర్స్లాన్, సింహం. మరోసారి గెలిస్తే అవరగ, మహాబలుడు. బాద్మాన్యంబూ బాత్-ఎర్దెనె జాతీయ నాదమ్‌ను 11 సార్లు గెలిచాడు. తరవాత రాజకీయాల్లోకి వచ్చి 2013లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు, అక్కడ మాత్రం వీపు నేలకు తగిలింది. జపాన్ సుమోలో 45 టోర్నమెంట్లు గెలిచిన హకుహో తండ్రి మోంఖ్‌బాత్ కూడా నాదమ్ అవరగే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చినవాడు.

లోపం కూడా చెప్పాలి. జాతీయ స్టేడియంలో కూర్చుంటే జెట్టీలు గింజలంత కనిపిస్తారు, ఒకేసారి ఎన్నో జంటలు పెనుగులాడుతుంటాయి, ఎటు చూడాలో తెలియదు. ప్రారంభోత్సవం టిక్కెట్లకు గిరాకీ ఎక్కువ, ఆ మూడు రోజులూ నగరంలో గదుల ధరలూ ఎక్కువే. అందుకే నా మాట ఇది. ప్రారంభోత్సవం కోసం ప్రాణం కొట్టుకుంటుంటే తప్ప, సోమ్ నాదమ్‌కు వెళ్ళండి. సోమ్ అంటే మన మండలం లాంటిది. జులై 11కు అటూ ఇటూ వేసవి అంతా ఏదో ఒక సోమ్‌లో నాదమ్ ఉంటుంది. గడ్డి మీద కూర్చోవచ్చు. జెట్టి ఊపిరి వినిపిస్తుంది. పక్కన కూర్చున్న ముసలాయన ఎవరు ఎవరి కొడుకో చెబుతాడు, మాట అర్థం కాకపోయినా వేలితో చూపిస్తాడు. తేదీలు మాత్రం ఆఖరి వారం దాకా కచ్చితంగా తెలియకపోవచ్చు. తేదీల పట్టిక పెట్టుకొని తిరిగేవారికి ఇదే పెద్ద తలనొప్పి.

కురేస్: వెల్లకిలా పడ్డాడా లేదా

కజక్ కుస్తీకి ఇంత ఓపిక అక్కర్లేదు. ఇద్దరూ నిలబడే పోరాడతారు, నేల మీద పొర్లాట లేదు. నడుము పట్టీ కిందకు చెయ్యి పోకూడదు, కాళ్ళు పట్టకూడదు. ఎత్తి వెల్లకిలా పడేస్తే ఆట ముగిసింది. పదేళ్ళ పిల్లవాడికైనా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. జూడో చూసే అలవాటు ఉంటే అసలు చెప్పనే అక్కర్లేదు. యునెస్కో దీనిని 2016లో గుర్తించింది.

మామూలు పోటీల్లో బరువు తరగతులుంటాయి. 2011లో మొదలైన 'కజక్‌స్తాన్ బారిసి' టోర్నమెంటు వేరు. దేశంలోకెల్లా మేటి జెట్టి ఎవరో తేల్చేది కాబట్టి అక్కడ బరువు చూడరు. బారిస్ అంటే మంచు చిరుత. గెలిచినవాడికి ఇచ్చేది 'అల్తిన్ తాయ్‌తుయాక్', బంగారు గుర్రపుపిల్ల గిట్ట. పాతకాలంలో వెండిని ఆ ఆకారంలో పోతపోసేవారు, ఆ జ్ఞాపకం ఇది.

కజక్‌లు జెట్టిని బలువాన్ అంటారు. మన పహిల్వాన్‌కూ ఆ మాటకూ తల్లి ఒక్కటే, పారశీకం. మహాబలుణ్ని 'తుయె బలువాన్', అంటే ఒంటె జెట్టి, అంటారు. నాకు ఇక్కడొక ముచ్చట తోస్తుంది. మంగోల్‌లు తమ జెట్టికి తమ నేల మీద ఎన్నడూ తిరగని ఏనుగునూ సింహాన్నీ గరుడుణ్నీ అరువు తెచ్చారు. కజక్‌లు గుమ్మం ముందు కట్టేసిన ఒంటెతో సరిపెట్టుకున్నారు. రెండు ఆటల స్వభావమూ అందులోనే ఉంది. బోఖ్‌లో ఒక క్రతువు ఉంది, కురేస్‌లో పని ఉంది.

ఈ ఆటకు పెద్ద పేరు హజీముకాన్ ముంగైత్‌పాసోవ్. 1871లో పుట్టి 1948లో పోయినవాడు. గడ్డి మైదానం నుంచి సర్కస్ బరి దాకా వెళ్ళి కుస్తీతోనూ బల ప్రదర్శనలతోనూ పేరు తెచ్చుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో, డెబ్బై దాటిన వయసులో, ప్రదర్శనలిచ్చి కూడబెట్టిన డబ్బును సైన్యానికి ఒక విమానం కొనేందుకు ఇచ్చాడు. అతని పేరు చెబితే కజక్‌స్తాన్‌లో టాక్సీ డ్రైవరైనా మాట కలుపుతాడు.

ఒక పట్టు పట్టి చూడాలనుకొనేవారికి కురేస్ తగినది. పట్టణాల్లో నేర్పేచోట్లు ఉంటాయి, చాప మీద పడతారు కాబట్టి దెబ్బలు తక్కువ. అల్మాటీ, కరగండ వంటి చోట్ల వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. వారిలో ఎవరికైనా వ్యాయామం మీద మనసుంటే జిమ్‌లో ఇనుము ఎత్తడం కన్నా ఇది మేలు. కొత్త స్నేహితులు దొరుకుతారు, నాలుగు కజక్ మాటలూ వస్తాయి. బోఖ్‌లో అలా కుదరదు. సోమ్ నాదమ్‌లో సరదాగా దిగమని పిలిచినా, గడ్డి కింద ఉన్న నేల గట్టిది.

గుర్రం మీద బలం

నేల మీద బలవంతుడు గుర్రమెక్కితే పిల్లవాడు కావచ్చు. ఔదారిస్పాక్ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇద్దరు రౌతులు ఎదురెదురుగా వచ్చి చేతులతో పెనుగులాడి, ఒకరినొకరు జీను మీద నుంచి లాగేయడమే ఆట. చేతులు పోరాడుతున్నట్టు కనిపిస్తాయి గానీ నిలబెట్టేది తొడలే. గుర్రం బెదిరితే ఎంత బలమున్నా వృథా, అందుకే నిదానమైన గుర్రానికి ఇక్కడ విలువ. పోటీ పొట్టిది, స్పష్టమైనది, రక్తం లేనిది. పిల్లలతో వెళ్ళేవారికి గుర్రపు ఆటల్లో ఇదే నా మొదటి ఓటు.

కోక్‌పార్ వేరే లోకం. తల తీసిన మేక కళేబరం నేల మీద ఉంటుంది. ముప్పై కిలోల అటూ ఇటూ బరువు. రౌతు పరుగెత్తే గుర్రం మీద నుంచి ఒక పక్కకు వేలాడుతూ వంగి, దానిని ఒంటి చేత్తో లేపి, తొడకూ జీనుకూ మధ్య ఇరికించుకొని, మిగతావారిని తోసుకుంటూ తీసుకెళ్ళి, గోలుగా పెట్టిన గుండ్రని గుంతలో వేయాలి. గుర్రం మీద నుంచి దిగకుండానే గొర్రెను పైకి లేపగలిగినవాడే మంద కాయగలడు, ఆ పనే ఆటైందని చెబుతారు. కొన్ని పోటీల్లో ఇప్పుడు కళేబరం బదులు అదే బరువున్న బొమ్మను వాడుతున్నారు. మనసు ఒప్పనివారు ముందే అడిగి తెలుసుకోవచ్చు.

కోక్‌పార్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి మైదానం గీసి, జట్లు కట్టి ఆడేది. మరొకటి గీతలూ జట్లూ లేకుండా వందల మంది రౌతులు ఒకేసారి దూకేది. మొదటిది చూడటానికి అనువైనది. రెండోది కథలుగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, దుమ్ము తప్ప మరేమీ కనిపించదు, గుర్రాల గుంపు ఎటు తిరుగుతుందో ఆ గుర్రాలకే తెలియదు. దూరంగా, వీలైతే ఎత్తైన చోట, కారు పక్కన నిలబడండి. ఫొటో కోసం ముందుకు వెళ్ళడం ధైర్యం అనిపించుకోదు. ఈ ఆట మీద మమకారం దక్షిణ కజక్‌స్తాన్‌లో, తుర్కిస్తాన్, జంబిల్ ప్రాంతాల్లో ఎక్కువ.

గందరగోళం లేకుండా అదే బలాన్ని చూడాలంటే మంగోలియా పడమటి చివరనున్న బయాన్-ఉల్గీ వెళ్ళాలి. అక్కడ జనంలో అత్యధికులు కజక్‌లే. అక్టోబరు మొదటి వారాంతంలో జరిగే గోల్డెన్ ఈగిల్ పండుగలో గద్దలదే పెద్దపీట. దాని పక్కనే ఇద్దరేసి రౌతులు ఒకే మేకతోలును చెరో కొసా పట్టుకొని లాగుకొంటారు. దీనికీ దాదాపు అదే పేరు, కోక్‌బార్. జట్లు లేవు, గోలు లేదు. ఎవరి చేతిలో మిగిలితే వాడు గెలిచాడు. గుర్రాలు గుండ్రంగా తిరుగుతూ ఒరుసుకొంటుంటే, రౌతులు దాదాపు నేలకు ఆనేలా వెనక్కు వాలి వేలాడుతుంటే, జీను ఎందుకు తెగదో అని మన గుండె కొట్టుకుంటుంది. ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా చూడగలిగే గుర్రపు బలపరీక్ష నాకు తెలిసి మరొకటి లేదు. ఇబ్బందల్లా దూరమే. ఉలాన్‌బాతర్ నుంచి రోడ్డు మీద 1600 కిలోమీటర్ల పైమాటే, విమానంలో దాదాపు మూడు గంటలు. అక్టోబరు రాత్రులు గడ్డకట్టే చలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని వెంటబెట్టుకొని వెళ్ళే చోటు కాదు.

పిడికిలి, పొట్టేలు

సేర్ షాఖ్ అంటే ఎద్దు వెన్నుపూసను ఒట్టి పిడికిలితో విరగ్గొట్టడం. చలికాలానికి మాంసం నిల్వ పెట్టుకొనే ఇళ్ళలో ఎముకకు కరువుండదు, మంచులో పొద్దు గడవాలి, ఆట పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎక్కడ కొట్టాలో తెలియకుండా కొట్టినవాడికి ముందు విరిగేది తన వేలే. దయచేసి ప్రయత్నించకండి. దీనికోసమే ప్రయాణం పెట్టుకోవడమూ అనవసరం. ఫిబ్రవరి ప్రాంతంలో, చాంద్రమాన కొత్త సంవత్సరం త్సగాన్ సార్ వేళ, ఎవరింటికైనా అతిథిగా వెళ్ళే భాగ్యం ఉంటే అప్పుడు అడగండి.

కజక్‌ల వైపు మార్చి 21–23 నౌరుజ్ పండుగలో బతికున్న పొట్టేలును ఎత్తే పందెం పెడతారు, ఎవరు ఎక్కువసార్లు ఎత్తితే వారిది గెలుపు. నగరాల కూడళ్ళలోనే చూడవచ్చు, ఖర్చు లేదు, జనం నవ్వులే నవ్వులు. పొట్టేలుకు మాత్రం నవ్వు రాదు.

ఎవరికి ఏది

తల్లిదండ్రులతోనో పిల్లలతోనో వెళ్ళేవారు కజక్‌స్తాన్ వైపు మొగ్గండి. భారతీయులకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు, నగరాల్లో వసతులు బాగుంటాయి. నౌరుజ్ రోజుల్లో వెళ్తే కుస్తీ, పొట్టేలు పందెం, తాడు లాగుడు ఒకే వేడుకలో కనిపించే అవకాశం ఉంది.

ఒక్క ప్రయాణంలో అన్నీ చూసేయాలనుకొనేవారికి ప్రపంచ సంచార క్రీడలున్నాయి. 2014లో కిర్గిజ్‌స్తాన్‌లో మొదలయ్యాయి, 2024లో అస్తానాలో జరిగాయి, 2026లో మళ్ళీ కిర్గిజ్‌స్తాన్‌లో జరపాలని నిర్ణయించారు. కురేస్, కోక్‌పార్, గుర్రం మీద కుస్తీ అన్నీ దొరుకుతాయి. కానీ అక్కడ ఆడేది జాతీయ జట్లు, చూసేది స్టేడియంలో. పెళ్ళి భోజనానికీ హోటల్ థాలీకీ ఉన్నంత తేడా.

ఫొటోలు తీసేవారికి బయాన్-ఉల్గీ. కుస్తీ పట్ల నిజమైన ఇష్టం ఉన్నవారికి సోమ్ నాదమ్, కనీసం రెండు రోజులు. మొదటిరోజు పట్టు అర్థంకాదు, రెండోరోజుకు మీరే పక్కవాడికి చెబుతారు. నా మిత్రుడికి సెలవు జులైలోనే కాబట్టి అతణ్ని మంగోలియాకు పంపాను. వీసా ముందే తీసుకోమన్నాను, శాకాహారి కాబట్టి అటుకులూ పచ్చడీ సంచిలో వేసుకోమన్నాను. మరొక్క మాట కూడా చెప్పాను. గెలిచిన జెట్టికి ఎండబెట్టిన పెరుగు గడ్డలు ఇస్తారు, ఆరూల్ అంటారు. అతను ఒకటి నోట్లో వేసుకొని మిగతావి జనం మీదకు విసురుతాడు. ఒకటి మీ చేతిలో పడితే అదృష్టమే గానీ, వెంటనే కొరకవద్దు. రాయిలా ఉంటుంది. బుగ్గన పెట్టుకొని, తరవాతి పట్టు ముగిసేదాకా నానబెట్టండి.